ఇంజెక్టర్ కోడ్ వచ్చిందా? పార్టు కొనకముందు వైరు చూడండి

బెల్లంపల్లి: కారు మిస్సింగ్ కొడుతుంది. పికప్ ఉండదు. డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. షెడ్డుకు తీసుకుపోతే స్కానర్ పెట్టి చూస్తారు, ‘పీ0201’ అని ఒక నంబర్ వస్తుంది. ‘ఒకటో ఇంజెక్టర్ పోయింది భాయ్, కొత్తది వేయాలె’ అంటారు. మనం సరేనంటాం. కొత్తది వేస్తారు, కోడ్ చెరిపేస్తారు, బండి ఇంటికొస్తుంది. నాలుగు రోజులకు మళ్లీ అదే బొమ్మ, అదే నంబర్.

స్కానర్ అబద్ధం చెప్పిందా? లేదు. అది చెప్పింది ఒకటి, మనం విన్నది ఇంకొకటి. పీ0201 అంటే ‘ఒకటో సిలిండర్ ఇంజెక్టర్ సర్క్యూట్‌లో లోపం ఉంది’ అని అర్థం. సర్క్యూట్ అంటే ఇంజెక్టర్ ఒక్కటే కాదు. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజు, రిలే, వైరు, కప్లర్, ఇంజెక్టర్ దాటి, ఇంకో వైరు గుండా ఇంజిన్ కంప్యూటర్ దాకా పోయే దారి మొత్తం సర్క్యూటే. ఆ దారిలో ఎక్కడ తెగినా నంబర్ అదే వస్తుంది.

మన బొగ్గు బెల్టులో చాలా ఇళ్లకు కారు షోకు వస్తువు కాదు. కొందరు రిటైర్మెంట్ పైసలతో కొని కిరాయికి తిప్పుతున్నారు. కొందరు అప్పు చేసి పాత బండి కొనుక్కొని నెలనెలా కిస్తీ కడుతున్నారు. రాత్రిపూట పెద్దవాళ్లకు బాగాలేకపోతే సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని మంచిర్యాల ఆసుపత్రికి పోవాల్సింది ఆ బండిలోనే. అందుకే ఈ లోపాన్ని ఎట్లా పట్టుకుంటారో, షెడ్డులో ఏం అడగాలో బండి ఉన్న ప్రతి ఇంటికీ తెలిసి ఉండాలి. మెకానిక్ పని రాని వాళ్లకు కూడా అర్థమయ్యేలా ఒక్కొక్కటిగా చూద్దాం.

ఇంజెక్టర్ చేసే పని ఏమిటి?

పాత కార్లలో పెట్రోలును గాలిలో కలిపే పని కార్బురేటర్‌ది. మన దేశంలో 2000 సంవత్సరంలో పొగ నిబంధనలు బిగించినప్పటి నుంచి కార్లలో ఇంజెక్టర్లు మామూలైపోయాయి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్‌కు నాలుగు ఇంజెక్టర్లు ఉంటాయి.

ఇంజెక్టర్ అంటే కరెంటుతో తెరుచుకునే చిన్న నల్లా అనుకోండి. లోపల రాగి తీగ చుట్ట ఉంటుంది. కరెంటు పారితే అది అయస్కాంతమై సూదిని పైకి లాగుతుంది, పెట్రోలు చిమ్ముతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు సూదిని మూసేస్తుంది. ఇంజిన్ ఐడిల్‌లో నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ఇంజెక్టర్ నిమిషానికి 400 సార్లు, అంటే సెకనుకు ఆరేడు సార్లు తెరుచుకుంటుంది. తెరిచి ఉండేది ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లే.

ఇంజెక్టర్‌కు రెండు వైర్లు వస్తాయి. ఒకటి సప్లయి వైరు. తాళం ఆన్ చేసి ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఫ్యూజు, రిలే ద్వారా బ్యాటరీ కరెంటు ఇందులో ఉంటుంది. రెండోది కంట్రోల్ వైరు. ఇది నేరుగా ఇంజిన్ కంప్యూటర్‌కు పోతుంది. దీన్ని ఈసీయూ అనీ ఈసీఎం అనీ అంటారు. కంప్యూటర్ ప్లస్ ఇవ్వదు, ఎర్త్ ఇస్తుంది. కంట్రోల్ వైరును అది ఎర్త్‌కు కలిపినంతసేపు ఇంజెక్టర్ తెరిచి ఉంటుంది, వదిలేయగానే మూసుకుంటుంది. ఎక్కువ పెట్రోలు కార్లలో పద్ధతి ఇదే. ఈ ఒక్క ముక్క గుర్తుంటే మిగతా పరీక్షలన్నీ తేలికగా అర్థమవుతాయి.

లోపం ఉందని కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుంది?

కంప్యూటర్ ఇంజెక్టర్‌ను కళ్లతో చూడదు. తన పిన్ను దగ్గర వోల్టేజీ ఎంతుందో చూస్తుంది, అంతే. ఎర్త్ ఇవ్వనప్పుడు బ్యాటరీ వోల్టేజీ సప్లయి వైరు నుంచి, ఇంజెక్టర్ చుట్ట గుండా, కంట్రోల్ వైరు మీదుగా ఆ పిన్ను దాకా వచ్చి నిలబడాలి. ఎర్త్ ఇచ్చినప్పుడు సున్నా దగ్గరికి పడిపోవాలి. వదిలేసినప్పుడు ఒక్కసారిగా పైకి ఎగిరి మళ్లీ సర్దుకోవాలి. ఈ నమూనా కనబడకపోతే లైటు వెలిగించి కోడ్ రాసుకుంటుంది.

కాబట్టి చుట్ట తెగినా, కప్లర్ పిన్ను తుప్పు పట్టినా, వైరును ఎలుక కొరికినా, సప్లయి అందకపోయినా కంప్యూటర్‌కు కనిపించేది ఒకటే: రావాల్సిన వోల్టేజీ రాలేదు. ఎందుకు రాలేదో దానికి తెలియదు. అది కనుక్కోవాల్సింది మనిషే.

బాయి పని చేసిన ఇళ్లలో ఈ మాట చెప్తే ఇట్టే అర్థమవుతుంది. భూగర్భ గనిలో ఎస్‌డీఎల్ యంత్రం ఆగితే ఎలక్ట్రీషియన్ ముందే మోటారు విప్పడు. గేట్ ఎండ్ బాక్స్‌లో కరెంటు ఉందా, ట్రెయిలింగ్ కేబుల్ ఎక్కడైనా నలిగిందా అని చూసుకుంటూ వస్తాడు. మోటారు వంతు చివర్లో వస్తుంది. కారులోనూ అదే వరస.

నంబర్లను చదవడం

ఇంజెక్టర్ సర్క్యూట్‌కు సంబంధించిన నంబర్లు అన్ని కంపెనీల కార్లలో ఒకే తీరుగా ఉంటాయి.

పీ0201, పీ0202, పీ0203, పీ0204: వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ఇంజెక్టర్ సర్క్యూట్ లోపం. ఎక్కువగా దారి ఎక్కడో తెగిందని సూచన.

పీ0261: ఒకటో ఇంజెక్టర్ సర్క్యూట్‌లో వోల్టేజీ తక్కువ. కంట్రోల్ వైరు ఎర్త్‌కు తగిలిందేమో చూడాలి.

పీ0262: అదే సర్క్యూట్‌లో వోల్టేజీ ఎక్కువ. కంట్రోల్ వైరు ఏదైనా ప్లస్ వైరుకు తగిలిందేమో చూడాలి.

పీ0301 నుంచి పీ0304: ఆ సిలిండర్‌లో మంట సరిగ్గా అంటుకోవడం లేదు, అంటే మిస్‌ఫైర్. దీనికి ప్లగ్గు, కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్ ఏదైనా కారణం కావచ్చు.

పీ0301 ఒక్కటే వస్తే ముందుగా ప్లగ్గు, కాయిల్ చూడటం సబబు. పీ0301తో పాటు పీ0201 కూడా వస్తే మాత్రం ఇంజెక్టర్ దారి వైపు వేలు చూపిస్తున్నట్టే.

ఇంకో మాట. ఇంజెక్టర్‌లో చెత్త పేరుకుంటే పెట్రోలు సరిగ్గా చిమ్మదు, బండి మిస్ కొడుతుంది. కానీ కరెంటు దారి బాగానే ఉంటుంది కాబట్టి పీ0201 రాదు. సర్క్యూట్ కోడ్ వచ్చిన బండికి ‘ఇంజెక్టర్ క్లీనింగ్ చేద్దాం’ అని ఎవరైనా అంటే, తెగిన వైరును క్లీనింగ్ అతికించదని గుర్తుపెట్టుకోండి.

కోడ్ కనబడగానే చెరిపేయనివ్వవద్దు. ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. చాలా బండ్లలో కోడ్‌తో పాటు ‘ఫ్రీజ్ ఫ్రేమ్’ అని ఇంకో సమాచారం దాగి ఉంటుంది. లోపం వచ్చిన క్షణంలో వేగం ఎంత, ఇంజిన్ వేడి ఎంత, ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నవి అందులో ఉంటాయి. కోడ్ చెరిపినా, చాలా బండ్లలో బ్యాటరీ తీసినా ఈ సాక్ష్యం పోతుంది.

బండి నడపొచ్చా, ఆపేయాలా?

ఇది అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. దారి తెగితే ఆ ఇంజెక్టర్ మూసుకునే ఉంటుంది. ఆ సిలిండర్‌కు పెట్రోలు అందదు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ మూడింటి మీద వణుకుతూ నడుస్తుంది. పైగా మండని గాలి సైలెన్సర్ వైపు పోతుంది. అక్కడి ఆక్సిజన్ సెన్సార్ ‘పెట్రోలు తక్కువైంది’ అనుకుంటుంది, కంప్యూటర్ మిగతా సిలిండర్లకు అదనంగా పోస్తుంది. మైలేజీ పడిపోయేది ఇందుకే. ఈ స్థితిలో మెల్లగా దగ్గర్లోని షెడ్డు దాకా పోవచ్చు, హైదరాబాద్ ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు.

కంట్రోల్ వైరు ఎర్త్‌కు తగిలితే కథ వేరు. అప్పుడు ఇంజెక్టర్ మూసుకోదు, తాళం ఆన్‌లో ఉన్నంతసేపు పెట్రోలు కారుతూనే ఉంటుంది. నల్ల పొగ వస్తుంది, పచ్చి పెట్రోలు వాసన కొడుతుంది, ప్లగ్గు తీస్తే తడిగా ఉంటుంది. ఆ పెట్రోలు కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే తెలిసిపోతుంది. ఇట్లా ఉంటే సెల్ఫ్ మళ్లీ మళ్లీ కొట్టవద్దు. తాళం ఆఫ్ చేసి బండిని లాగించుకుని పోవడమే మంచిది. సిలిండర్ నిండా పెట్రోలు ఉండగా సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, మంటల ప్రమాదం కూడా ఉంది.

ఇంజిన్ బొమ్మ నిలకడగా వెలిగితే ఒక అర్థం, ఆరుతూ వెలుగుతుంటే ఇంకో అర్థం. ఆరుతూ వెలిగితే మిస్‌ఫైర్ ఎంత గట్టిగా ఉందంటే సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోయే ప్రమాదం ఉందని. అది ఖరీదైన భాగం. వేగం తగ్గించి, వీలైనంత తొందరగా బండి పక్కకు ఆపాలి.

పరీక్షల వరస

ఇక్కడ చెప్పేది మామూలు పెట్రోలు కార్ల గురించి. డీజిల్ సంగతి వేరుగా కింద ఉంది. వీటికి కావాల్సింది కొన్ని వందల రూపాయల డిజిటల్ మల్టీమీటర్, ఒక స్కానర్, కాస్త ఓపిక.

మొదటిది, ఎన్ని కోడ్‌లు వచ్చాయో చూడాలి. నాలుగు ఇంజెక్టర్ల కోడ్‌లూ ఒకేసారి వస్తే నాలుగు ఇంజెక్టర్లూ ఒకే రోజు చెడిపోయాయని కాదు. నాలుగింటికీ కలిసి ఉన్నది ఒకటుంది: ఫ్యూజు, రిలే, ఉమ్మడి సప్లయి వైరు. వెతుకులాట అక్కడ మొదలుపెట్టాలి. ఒక్క కోడే వస్తే ఉమ్మడి దారి చాలావరకు బాగానే ఉన్నట్టు. ఆ ఒక్క ఇంజెక్టర్ కప్లర్, చుట్ట, దాని సొంత వైర్లు చూడాలి.

రెండోది, కంటితో చూడటం. ఇంజిన్ ఆపి, చల్లారాక కప్లర్ పీకి చూడాలి. పిన్నుల మీద పచ్చగా తుప్పు ఉందా? లాక్ విరిగి లూజుగా ఉందా? వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయిందా, ఎలుక పంటి గాట్లున్నాయా? ఖర్చు లేని పరీక్ష ఇదే. చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మూడోది, చప్పుడు వినడం. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి వింటే ‘టిక్ టిక్ టిక్’ అని వినాలి. మూడింటికి వచ్చి ఒకదానికి రాకపోతే అది తెరుచుకోవడం లేదు. చేసేటప్పుడు చున్నీ, కండువా, పొడుగు చేతులు ఫ్యానుకు, బెల్టుకు తగలకుండా చూసుకోవాలి.

నాలుగోది, ఓంలు కొలవడం. తాళం ఆఫ్ చేసి కప్లర్ పీకి, ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య మీటర్ పెట్టాలి. మామూలు పెట్రోలు కార్లలో చాలావాటికి 11 నుంచి 17 ఓంల మధ్య వస్తుంది. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీస్ పుస్తకంలో ఉంటుంది. అది దొరక్కపోతే నాలుగింటినీ కొలిచి పోల్చడమే ఉపాయం. మూడు 14 దగ్గర ఉండి ఒకటి అనంతం చూపిస్తే ఆ చుట్ట తెగింది. ఒకటి మరీ తక్కువ, రెండు మూడు ఓంలు చూపిస్తే చుట్ట లోపల షార్ట్ అయింది. నాలుగూ దాదాపు సమానంగా ఉంటే చుట్టలో లోపం లేనట్టే, దారి వెతకాలి. ఒక జాగ్రత్త: కొన్ని చుట్టలు చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక తెగుతాయి. అనుమానం ఉంటే బండి ఒక రౌండు తిప్పి తెచ్చి మళ్లీ కొలవాలి.

ఐదోది, సప్లయి ఉందా లేదా. పీకిన కప్లర్‌లో సప్లయి పిన్నుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య మీటర్ పెట్టి తాళం ఆన్ చేస్తే 12 వోల్టుల దగ్గర రావాలి. కొన్ని కార్లలో తాళం ఆన్ చేసిన రెండు మూడు సెకన్లే ఉంటుంది, లేదా సెల్ఫ్ కొట్టినప్పుడే వస్తుంది. అది తెలియక ‘కరెంటు లేదు’ అని తేల్చేయవద్దు.

ఆరోది, కంప్యూటర్ ఎర్త్ ఇస్తోందా లేదా. దీనికి నాయిడ్ లైటు అని చిన్న బల్బు దొరుకుతుంది. ఇంజెక్టర్ బదులు దాన్ని కప్లర్‌కు తగిలించి సెల్ఫ్ కొడితే మినుకు మినుకుమనాలి. మినుకుమంటే సప్లయి, వైరు, కంప్యూటర్ మూడూ పని చేస్తున్నట్టు, అనుమానం ఇంజెక్టర్ మీదికి పోతుంది. 12 వోల్టులు ఉండి కూడా మినుకుమనకపోతే కంట్రోల్ వైరు తెగింది, లేదా కంప్యూటర్ ఎర్త్ ఇవ్వడం లేదు. నాలుగింటికీ మినుకు లేకపోతే ఇంజెక్టర్ల సంగతి పక్కన పెట్టి క్రాంక్ సెన్సార్, తాళంలోని ఇమ్మొబిలైజర్ చూడాలి.

ఏడోది, కప్లర్లు మార్చి చూడటం. వైరు అందితే ఒకటో ఇంజెక్టర్ కప్లర్‌ను రెండోదానికి, రెండోదాని కప్లర్‌ను ఒకటోదానికి పెట్టి, కోడ్ చెరిపి కాసేపు నడపాలి. ఇప్పుడు పీ0202 వస్తే లోపం ఇంజెక్టర్‌తో పాటే పోయింది, కాబట్టి ఒకటో ఇంజెక్టరే చెడింది. మళ్లీ పీ0201 వస్తే బాగున్న ఇంజెక్టర్‌తో కూడా ఆ వైరు పని చేయలేదు, అంటే లోపం వైరులోనో కంప్యూటర్‌లోనో ఉంది. పెట్రోలు పైపు విప్పకుండా, పైసా ఖర్చు లేకుండా అయ్యే పరీక్ష ఇది.

ఎనిమిదోది, వైరు కొలవడం. బ్యాటరీ మైనస్ తీసి, కంప్యూటర్ కప్లర్ పీకి, అక్కడి పిన్ను నుంచి ఇంజెక్టర్ కప్లర్ దాకా ఓంలు చూడాలి. ఒక ఓం లోపు వస్తే వైరు కలిసి ఉన్నట్టు. అదే వైరుకు, బండి బాడీకి మధ్య చూస్తే ఏమీ కలవకూడదు. కలిస్తే వైరు ఎక్కడో ఒలిచి ఎర్త్‌కు తగులుతోంది. ఏ పిన్ను ఏదో ఆ మోడల్ వైరింగ్ పటం చూసే చేయాలి.

ఇవన్నీ బాగున్నాయని తేలాకనే కంప్యూటర్ మీద అనుమానపడాలి. ‘ఈసీఎం పోయింది’ అన్న మాట అన్నిటికంటే ఖరీదైన మాట. మొదట వినాల్సిన మాట కాదు.

మీటర్ 12 చూపించినా నమ్మలేని చోటు

అనుభవం ఉన్న ఉస్తాద్‌లు కూడా తడబడే చోటు ఇదే. వైరులో ఇరవై సన్నటి పోగులుంటాయి అనుకోండి. పంతొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది. ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటే తీసుకోదు. ఇంజెక్టర్ తీసుకుంటుంది: 14 ఓంల చుట్టకు ఇంజిన్ నడుస్తున్నప్పటి 14 వోల్టులు ఇస్తే ఒక ఆంపియర్. ఆ ఒక్క ఆంపియర్ మోయలేని దారి ఖాళీగా ఉన్నప్పుడు బాగున్నట్టే కనిపిస్తుంది.

దీనికి మందు బరువు పెట్టి చూడటం. సప్లయి పిన్నుకు, బ్యాటరీ మైనస్‌కు మధ్య ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు పెట్టి చూడాలి. నిండుగా వెలిగితే సప్లయి దారి గట్టిది. మసకగా వెలిగితే ఫ్యూజు సాకెట్, రిలే కాళ్లు, కప్లర్ ఎక్కడో తుప్పు తింటోంది. ఈ బల్బును కంప్యూటర్ వైపు కంట్రోల్ వైరుకు మాత్రం తగిలించవద్దు. అంత కరెంటు కంప్యూటర్ లోపలి డ్రైవర్‌ను కాల్చేయవచ్చు.

అట్లాగే ఇంజెక్టర్ పని చేస్తుందో లేదో చూద్దామని నేరుగా బ్యాటరీ కరెంటు ఇచ్చి పట్టుకోవద్దు. చుట్ట వేడెక్కి కాలుతుంది, సిలిండర్‌లోకి పెట్రోలు కారుతుంది.

మన దగ్గర వైరు ఎక్కడ పోతుంది?

ఎండాకాలంలో 45 డిగ్రీలు దాటడం మన బెల్టుకు కొత్త కాదు. బానెట్ కింద వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ వేడికి కప్లర్ ప్లాస్టిక్ పెళుసుబారి లాక్ విరుగుతుంది. రోడ్డు మీది బొగ్గు దుమ్ము, వానాకాలం తడి, ఇంజిన్ మీద నేరుగా కొట్టే ప్రెషర్ వాష్ నీళ్లు కలిసి పిన్నులను తుప్పు పట్టిస్తాయి. వారాల తరబడి ఇంటి ముందు ఆగి ఉండే బండిలో ఎలుకలు చేరతాయి.

బయట వేయించిన గ్యాస్ కిట్ ఉన్న బండి అయితే ఒక ముఖ్యమైన చోటు చూడాలి. గ్యాస్ మీద నడిచేటప్పుడు పెట్రోలు ఇంజెక్టర్లను ఆపడానికి చాలా కిట్‌లు వాటి వైర్ల మధ్యలోనే కలుపుతారు. ఆ అతుకులను సోల్డరింగ్ చేయకుండా టేపు చుట్టి వదిలేస్తే కొన్నేళ్లకు లూజవుతాయి. గ్యాస్ కిట్ ఉన్న బండికి ఇంజెక్టర్ కోడ్ వస్తే మొదట టేపు విప్పి ఆ అతుకులు చూడమనండి.

లోపం ఒకసారి వచ్చి ఒకసారి పోతుంటే, ఇంజిన్ నడుస్తుండగా వైరు గుత్తిని మెల్లగా కదిలిస్తూ ఎక్కడ కదిలిస్తే మిస్ కొడుతుందో చూడాలి. గుంతల్లో పడ్డప్పుడే వస్తుందా, వేడెక్కాకనా, వానకా అన్నది బండి నడిపే మనిషి చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

డీజిల్ బండి అయితే చేయి పెట్టవద్దు

పైన చెప్పిన అంకెలు, బల్బు పరీక్షలు కామన్‌రైల్ డీజిల్ బండ్లకు వర్తించవు. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త రకం పెట్రోలు ఇంజిన్లకు కూడా వర్తించవు. కోడ్ నంబర్లు అవే కావచ్చు, లోపల సంగతి వేరు. డీజిల్ ఇంజెక్టర్లలో చాలావాటికి చుట్ట ఒక ఓం కంటే తక్కువే ఉంటుంది, కంప్యూటర్ వాటికి బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ కప్లర్ పీకితే షాక్ తగలవచ్చు, కంప్యూటర్ చెడవచ్చు. రైలులో డీజిల్ పీడనం వెయ్యి బార్‌లకు పైన ఉంటుంది. మామూలు పెట్రోలు కారులో మూడు బార్‌ల దగ్గర ఉండే పీడనంతో పోలిస్తే ఎంత తేడానో చూడండి. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. డీజిల్ పైపు లీకు మీద వేలు పెట్టి చూడటం ప్రాణాంతకం.

మారుతి 2020 ఏప్రిల్‌లో బీఎస్6 నిబంధన వచ్చినప్పుడు డీజిల్ కార్లు ఆపేసింది. కాబట్టి ఆ కంపెనీ డీజిల్ కారు కిరాయికి తిరుగుతోందంటే అది పాతదే. వైరింగూ అంతే పాతది. ఆ పని తెలిసిన డీజిల్ షెడ్డులోనే చూపించాలి.

డబ్బు లెక్క

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం, ఇవి మార్కెట్ ధరలు కావు. ఇంజెక్టర్ 2,500 రూపాయలు, లేబర్ 500, పరీక్షకు 400, వైరు అతకడానికి 200, కిరాయి బండి రోజు రాబడి 1,500.

అసలు లోపం వైరులో ఉంది. ఊహ మీద ఇంజెక్టర్ మారిస్తే 3,000 పోయింది, లోపం పోలేదు. రెండు రోజులు బండి ఆగింది, ఇంకో 3,000. చివరకు పరీక్ష, వైరు 600. మొత్తం 6,600. మొదటే పరీక్ష చేయిస్తే 600, సగం రోజు రాబడి 750, మొత్తం 1,350. తేడా 5,250 రూపాయలు. ఒకవేళ నిజంగానే ఇంజెక్టర్ పోయి ఉంటే? పరీక్ష వల్ల అదనంగా అయ్యేది 400 మాత్రమే. బిల్లు చూడకుండా ఖర్చు ఎట్లా రాయమో, పరీక్ష చూడకుండా పార్టు అట్లా కొనకూడదు.

కానీ ఇందులో మన తప్పు కూడా ఉంది. ‘చూసినందుకు పైసలేంది? ఏం మార్చినవ్?’ అని మెకానిక్‌ను నిలదీసేది మనమే. గంటసేపు వంగి వైరు వెతికినవాడికి యాభై రూపాయలు చేతిలో పెడతాం, పార్టు మార్చినవాడికి అడిగినంత ఇస్తాం. ఇట్లయితే వెతికే ఓపిక ఎవరికి ఉంటుంది? డాక్టర్‌కు ఫీజు ఇచ్చినట్టే వెతికిన పనికి ముందే ధర మాట్లాడుకుని ఇస్తే, అనవసరంగా పార్టులు మార్చడం తగ్గుతుంది. షెడ్డు నడిపే భాయ్ ఇల్లు కూడా గడవాలి కదా.

షెడ్డులో అడగాల్సినవి

ఇంట్లో బండి తీసుకుపోయేది అబ్బా అయినా, అమ్మీ అయినా, కాలేజీ చదివే అమ్మాయి అయినా ఈ ఐదు మాటలు అడిగితే చాలు:

1. కోడ్ ఏది వచ్చింది? ఫొటో తీసుకోనివ్వండి.
2. ఈ ఇంజెక్టర్ ఎన్ని ఓంలు చూపించింది? మిగతా మూడు ఎన్ని చూపించాయి?
3. కప్లర్‌లో సప్లయి వస్తోందా? బల్బు పెట్టి చూశారా?
4. కప్లర్ మార్చి చూస్తే కోడ్ మారిందా?
5. పాత పార్టు నాకు తిరిగి ఇస్తారా?

ఈ ప్రశ్నలు గొడవకు కాదు. పని తెలిసిన ఉస్తాద్ వీటికి సంతోషంగా జవాబు చెప్తాడు. బండి ఇంకా వారంటీలో ఉంటే బయట వైర్లు కోయించవద్దు, కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకుపోండి.

పాత బండి కొనేవాళ్లకు ఇంకో సూచన. తాళం ఆన్ చేయగానే ఇంజిన్ బొమ్మ ఒకసారి వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో ఆ లైటునే పని చేయకుండా చేసి ఉండవచ్చు. బేరం కుదరకముందే స్కానర్ పెట్టించండి. కోడ్‌లు ఏమీ లేవన్నా తొందరపడవద్దు. ఉదయమే చెరిపి ఉండవచ్చు కాబట్టి పది పదిహేను కిలోమీటర్లు నడిపి మళ్లీ చూడండి.

పని నేర్చుకునే పిల్లలకు

షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న మన పిల్లలు చాలామందికి స్పానర్ పని బాగా వస్తుంది, మీటర్ అంటే భయం. 2020 తర్వాత వచ్చిన బీఎస్6 బండ్లలో సెన్సార్లు, వైర్లు ఇంకా పెరిగాయి. విప్పడం బిగించడం మాత్రమే వచ్చినవాడికి రోజులు కష్టమే. వోల్టు, ఓం, ఎర్త్, రిలే, ఈ నాలుగు మాటలు గట్టిగా వస్తే ఇంజెక్టరే కాదు, కాయిల్, ఫ్యాను, సెన్సార్ ఏ సర్క్యూట్ అయినా ఇదే వరసలో పట్టుకోవచ్చు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ అని రెండేళ్ల ట్రేడ్ ఉంది. పది పాసైన పిల్లవాడిని షెడ్డుకు పంపే ముందు ఆ సర్టిఫికెట్ గురించి కూడా ఆలోచించండి. చదువు ఆగిపోయినవాళ్లు ఉస్తాద్ దగ్గరే ఉంటూ, పాత ఇంజెక్టర్లు, రిలేలు పారేయకుండా దాచుకుని తీరిక దొరికినప్పుడల్లా మీటర్‌తో కొలిచి చూసినా చేయి తిరుగుతుంది.

వచ్చేసారి ఆ పసుపు బొమ్మ వెలిగితే, కోడ్ చదివించి ఫొటో తీసుకోండి, నాలుగు ఇంజెక్టర్ల ఓంలు రాయించుకోండి. కొత్త పార్టు మాట ఆ తర్వాతే.